అంగారకుడి మీద డెల్టా: పర్సెవరెన్స్ రోవర్ బురద కోసం అంత దూరం ఎందుకు వెళ్లింది?

అంగారకుడి మీదికి యంత్రాన్ని పంపారనగానే వార్తల్లో కనిపించేవి రాకెట్టు మంటలు, పారాచూట్, దిగేటప్పటి ఏడు నిమిషాల టెన్షన్. అవి చూడ్డానికి బాగానే ఉంటాయి. నాసా పంపిన పర్సెవరెన్స్ రోవర్ విషయంలో మాత్రం అన్నిటికన్నా బరువైన నిర్ణయం ప్రయోగానికి ఏడాదిన్నర ముందే, 2018 నవంబరులో అయిపోయింది. ఎక్కడ దిగాలన్నదే ఆ నిర్ణయం. అరవైకి పైగా చోట్లను ఐదేళ్లపాటు వడగట్టి చివరికి జెజెరో అనే బిలాన్ని ఎంచుకున్నారు. 45 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గోతిలో సుమారు 350 కోట్ల ఏళ్ల కిందట, బహుశా అంతకన్నా ముందే, పెద్ద చెరువు ఉండేది. పడమటి గట్టు తెంచుకుని ఒక నది వచ్చి అందులో కలిసేది, కలిసిన చోట మట్టి మేట వేసి డెల్టా కట్టింది. ఆ డెల్టా కోసమే వెళ్లారు.

గోదావరి జిల్లాల వాళ్లకి ఈ ఎంపిక ఎందుకు సరైనదో చెప్పడం తేలిక, ఎందుకంటే కాళ్ల కింద ఉన్నదంతా అదే. నాసిక్ దగ్గర త్ర్యంబకం కొండల్లో పుట్టి 1,465 కిలోమీటర్లు వచ్చే గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వాలు తగ్గుతుంది, వేగం చస్తుంది, మోసుకొచ్చిన బరువును ఒక్కొక్కటిగా దించుకుంటూ పోతుంది. ముందు ముతక ఇసుక దిగుతుంది, తర్వాత సన్న ఇసుక, లంకల మీద ఒండ్రు, చివరాఖరికి కోరంగి మడ అడవుల దగ్గర కాలు పెడితే మోకాలి దాకా దిగబడే మెత్తటి బురద. జూలైలో వచ్చే ఎర్ర వరదలో కలిసి ఉన్నవన్నీ సముద్రం చేరేలోపు ఇలా సైజుల వారీగా విడిపోతాయి. ఎవరూ జల్లెడ పట్టక్కర్లేదు.

ఈ వరసలో చిట్టచివరన దిగే బంకమట్టే ప్రాణం ఆనవాళ్ల కోసం వెతికేవాళ్లకి కావాల్సింది. కుళ్లిన ఆకు, చచ్చిన నాచు, సూక్ష్మజీవుల అవశేషాలు బాగా తేలిక, అందుకని అవి కూడా నీరు దాదాపు ఆగిపోయే చోటే అడుక్కి చేరతాయి. బంకమట్టి రేణువులు వాటిని పట్టుకుని ఉంటాయి, మీద మరో పొర పడగానే గాలి తగలదు, కుళ్లడం నెమ్మదిస్తుంది. కోనసీమలో కొబ్బరి తోటల మధ్య ఓఎన్‌జీసీ రిగ్గులు నిలబడటానికి మూలం కూడా ఇలాంటి పూడికే. ఒకప్పటి నదులు, సముద్రం కలిసి పేర్చిన మట్టి పొరల్లో పూడిపోయిన జీవపదార్థం కోట్ల ఏళ్లపాటు ఉడికి గ్యాస్ అయింది. 1995లో పాశర్లపూడిలో బావి పేలి రోజుల తరబడి మండినప్పుడు లోకమంతా చూసింది ఆ పాత పూడికనే. నది ముఖద్వారం పూడ్చిపెట్టినది అంత తేలిగ్గా పోదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మరి భూమ్మీదే వెతకొచ్చు కదా అంటే, మన గ్రహం పాత కాగితాలు దాచుకునే రకం కాదు. కోనసీమ నేల పైపొర వయసు ఆరేడు వేల ఏళ్లు మించదు. 350 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు ఆస్ట్రేలియాలోని పిల్బరా లాంటి కొద్ది చోట్ల తప్ప పెద్దగా చెక్కుచెదరకుండా మిగల్లేదు, మిగిలినవి భూమి లోపలికి దిగి, కాలి, నలిగి, మళ్లీ పైకి వచ్చినవి. అంగారకుడి మీద ఖండాలు కదలవు, సముద్రం లేదు, వాన లేదు. నది ఎండిపోయాక గాలి ఒక్కటే కోస్తూ వచ్చింది. అందుకే జెజెరో డెల్టా అంచు ఇవాళ్టికీ సుమారు 40 మీటర్ల గోడలా నిలబడి పొరలన్నీ బయటికి చూపిస్తోంది. గోదావరిలో అలాంటి కోత చూడాలంటే నేలలోకి బోరు దింపాలి.

పర్సెవరెన్స్ 2020 జూలై 30న బయల్దేరి 2021 ఫిబ్రవరి 18న దిగింది. బరువు 1,025 కిలోలు. డెల్టా గోడకి దగ్గర్లో, చదునైన చెరువు అడుగున దిగింది కాబట్టి ముందుగా చెరువు పూడిక దొరుకుతుందని చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే అక్కడ ఉన్నది లావా, లావా కింద చల్లారిన రాయి. చెరువు అడుగున చెరువు మట్టి లేదు! ఇది నిరాశగా వినిపిస్తుంది గానీ నిజానికి లాభమే, ఎందుకో రాజమండ్రి దగ్గర చూడొచ్చు. కాతేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కంకర కొట్టే నల్లరాయి కూడా లావానే, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. ఆ లావా పొరలకి కిందా, మధ్యా ఇరుక్కున్న మట్టి పొరల్లో శిలాజాలు దొరుకుతాయి. మట్టి పొర వయసు నేరుగా లెక్కకట్టడం కష్టం, లావా వయసు మాత్రం అందులోని రేడియోధార్మిక మూలకాల్ని బట్టి కట్టొచ్చు, కింద లావా ఎప్పటిది, పైన లావా ఎప్పటిది అని తెలిస్తే మధ్యలో ఉన్న మట్టి ఏ కాలానిదో తేలిపోతుంది. జెజెరో లావా ముక్క భూమ్మీద ల్యాబుకి చేరితే ఆ నది ఎప్పుడు పారిందో తొలిసారిగా నికరంగా చెప్పగలుగుతారు. ఇప్పుడు చెబుతున్న వయసులన్నీ ఉపరితలం మీద ఉల్కలు చేసిన గుంటల్ని లెక్కపెట్టి వేసిన అంచనాలు.

మొదటి నమూనా తీయడమూ సాఫీగా సాగలేదు. 2021 ఆగస్టులో డ్రిల్లు దిగింది, గొట్టం మూతపడింది, తీరా గొట్టంలో రాయి లేదు. రాయి పొడిపొడిగా రాలిపోయిందని తర్వాత తేలింది. సెప్టెంబరులో ఇంకో రాయి దగ్గర పని జరిగింది. ఇలాంటివి చదివినప్పుడు మనిషి ఉంటే రెండు నిమిషాల పని కదా అనిపిస్తుంది, నిజమే. రోవర్‌కి దొరికే కరెంటు దాదాపు 110 వాట్లు, అది ప్లుటోనియం వేడి నుంచి వస్తుంది. భూమి నుంచి మాట చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది కాబట్టి ఎవరూ స్టీరింగ్ పట్టుకుని నడపరు, రోజుకోసారి పనుల జాబితా పంపి, ఏం జరిగిందో తర్వాత చూసుకుంటారు. గట్టి నేల మీద కూడా గంటకి సుమారు 150 మీటర్లకి మించి వెళ్లని బండి అది. ఇంగెన్యుయిటీ అనే 1.8 కిలోల హెలికాప్టర్ దాంతో వెళ్లి 72 సార్లు ఎగిరి 2024 జనవరిలో రెక్క విరిగి ఆగిపోయింది. ఐదు సార్లు ఎగిరితే చాలనుకున్నది అన్నిసార్లు ఎగరడం గొప్పే, కానీ శాస్త్రం దృష్టితో చూస్తే అది పక్క కథ.

డెల్టా దగ్గరికి వెళ్లకముందే దాని గురించి పెద్ద సంగతి ఒకటి దూరం నుంచి తీసిన ఫొటోల్లో బయటపడింది. ప్రధాన డెల్టా నుంచి విడిపోయి ఒంటరిగా నిలబడ్డ గుట్ట ఒకటుంది, దానికి కోడియాక్ అని పేరు పెట్టారు. దాని పక్కతట్టున అడుగున బల్లపరుపు పొరలు, మధ్యలో ఏటవాలు పొరలు, పైన మళ్లీ బల్లపరుపు పొరలు స్పష్టంగా కనిపించాయి. నిలకడ నీటిలోకి నది వచ్చి పడినప్పుడే ఇలాంటి వరస ఏర్పడుతుంది. ఏటవాలు పొరలు పైన ఎక్కడ తెగుతాయో అదే అప్పటి నీటి మట్టం. లెక్కేస్తే చెరువు మట్టం అంతకుముందు అనుకున్నదానికన్నా సుమారు 100 మీటర్లు తక్కువని తేలింది, అంటే ఆ దశలో చెరువు పొంగి తూర్పు గట్టు మీదుగా పోవట్లేదు, నీరు లోపలే ఉండిపోతోంది. ఇంకో విశేషం, అన్నిటికన్నా పై పొరల్లో మీటరుకి మించిన బండరాళ్లున్నాయి. నెమ్మదిగా పారే నది అంత రాళ్లు తేలేదు. ఒండ్రు దించుకుంటూ ప్రశాంతంగా పారిన నది తన చివరి దశలో హఠాత్తు వరదలతో విరుచుకుపడిందన్నమాట. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన గోదావరి కూడా ఈ చివరి దిగువన బండరాళ్లు దొర్లించలేదు, ఎందుకంటే ఇక్కడ వాలే లేదు. జెజెరో నది పొట్టిది, నిటారుది, దాని కోపం వేరు.

2022 ఏప్రిల్‌లో రోవర్ డెల్టా గోడ కిందికి చేరింది. ఆ ఏడాదే ఒక బురదరాయిలో సల్ఫేటు లవణాలతో పాటు కర్బన అణువుల జాడ దొరికింది. కర్బన అణువులంటే ప్రాణం ఉన్నట్టు కాదు, అవి ఉల్కల్లోనూ ఉంటాయి, రాయీ నీరూ కలిసినా పుడతాయి. అయినా ఉప్పు, బంక, కర్బనం ఒకేచోట ఉండటం అనుకున్న చోటికే వచ్చామని చెప్పింది. కర్బనాన్ని పసిగట్టే షెర్లాక్ అనే పరికరం మూత 2024 జనవరిలో ఇరుక్కుపోయింది. నెలల తరబడి చేతిని విదిలించి, వేడిచేసి, తంటాలు పడి జూన్‌లో దారికి తెచ్చారు. తెచ్చిన నెలకే దాని అవసరం పడింది.

డెల్టా కట్టిన నది పారిన లోయ పేరు నెరెట్వా వాలిస్, వెడల్పు సుమారు 400 మీటర్లు. 2024 జూలైలో ఆ లోయలో చెయావా ఫాల్స్ అని పేరు పెట్టిన ఒక ఎర్ర రాయి కనిపించింది. మీటరు పొడవు, అర మీటరుకి కొంచెం ఎక్కువ వెడల్పు. దాని మీద నల్లటి అంచున్న తెల్లటి మచ్చలు, చిరుత చర్మం మీద ఉన్నట్టు. తపాలా బిళ్ళంత జాగాను గంటల తరబడి ఎక్స్-కిరణాలతో చదివే పిక్సెల్ అనే పరికరం ఆ మచ్చల అంచుల్లో ఇనుము, ఫాస్ఫరస్ కలిసి ఉన్నాయని, లోపల ఇనుము, గంధకం ఉన్నాయని చెప్పింది. ఆ లెక్కకి బాగా సరిపోయే ఖనిజాలు రెండు: ఇనుము ఫాస్ఫేటు అయిన వివియనైట్, ఇనుము సల్ఫైడు అయిన గ్రేగైట్. షెర్లాక్ అదే రాతిలో కర్బనం చూపించింది. ఏడాదికి పైగా తోటి శాస్త్రవేత్తల పరిశీలన దాటుకుని 2025 సెప్టెంబరు 10న ఈ సంగతి నేచర్ పత్రికలో వచ్చింది.

ఈ రసాయనం వరి పండించే ఊళ్లలో ఏటా జరిగేదే. దమ్ము చేసి నీరు నిలగట్టిన చేలో పైన కొద్ది మిల్లీమీటర్లు వదిలేస్తే కింద మట్టికి ఆక్సిజన్ అందదు. మట్టిలోని సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని తింటూ, ఊపిరికి ఆక్సిజన్ లేక తుప్పుని వాడుకోవడం మొదలుపెడతాయి. తుప్పు రూపంలో ఉన్న ఇనుము దాంతో నీటిలో కరిగే రూపానికి మారుతుంది, ఎర్రటి మట్టి బూడిదరంగుకి తిరుగుతుంది. తుప్పు పట్టుకుని ఉన్న ఫాస్ఫరస్ కూడా వదులై పైరుకి అందుతుంది, నీరు నిలిచిన చేలో భాస్వరం అందుబాటు పెరగడానికి ఇదే కారణం. తుప్పు కూడా అయిపోతే సల్ఫేటు వంతు. దాన్ని వాడుకునే జీవులు వదిలే సల్ఫైడు ఇనుముతో కలిసి నల్లగా దిగుతుంది. కోరంగి మడ బురద తవ్వితే వచ్చే నలుపు, కుళ్లిన గుడ్డు వాసన అదే, అక్కడ సముద్రపు పోటు ఉప్పునీటితో పాటు సల్ఫేటుని కూడా తెచ్చిపోస్తుంది కాబట్టి చేలకన్నా ఎక్కువ. వరి దుబ్బు పీకి చూసినప్పుడు వేళ్లు తుప్పు రంగులో ఉంటే బాగున్నట్టు, నల్లబడితే చేను ఆరగట్టమని రైతులు అనుకునేది ఈ వరసని చూసే. మురుగు కాలవల మీద నూనెలా తేలే ఎర్రటి తెట్టు, కరిగిన ఇనుము మళ్లీ గాలి తగిలి తుప్పుగా మారడం.

ఇప్పుడు చెయావా ఫాల్స్ మచ్చల్ని ఈ కళ్లతో చూస్తే విషయం సూటిగా అర్థమవుతుంది. ఎర్ర బురద, అందులో కర్బనం, కర్బనం చుట్టూ ఎరుపు పోయి తెల్లబడ్డ చోటు, కరిగిన ఇనుము ఫాస్ఫరస్‌తో కలిసి ఒక ఖనిజం, గంధకంతో కలిసి ఇంకో ఖనిజం. ఎవరో తిని, ఊపిరి పీల్చి, వదిలిన మిగులు ఎలా ఉంటుందో అలాగే ఉంది. భూమ్మీద ఇలాంటిది కనిపిస్తే రెండో ఆలోచన లేకుండా సూక్ష్మజీవుల పని అంటారు.

అంగారకుడి మీద అలా అనకూడదు. అనట్లేదు కూడా, నాసా వాడిన మాట ప్రాణం ఉండి ఉండొచ్చని చెప్పే ఆనవాలు అనే వరకే, టీవీ థంబ్‌నెయిళ్లు మాత్రం గ్రహాంతర జీవి దొరికేసిందని అరిచాయి. అడ్డు ఎక్కడుందంటే, కర్బనం, తుప్పు పక్కపక్కన చాలాకాలం ఉంటే జీవి లేకుండానే నెమ్మదిగా ఇనుము మారిపోవచ్చు. సల్ఫేటు సల్ఫైడుగా మారడం అంత తేలిక కాదు, జీవి సాయం లేకపోతే నూరు డిగ్రీలు బాగా దాటిన వేడి కావాలి, ఆ రాయి అలా ఉడికిన గుర్తులు కనిపించట్లేదు. కాబట్టి త్రాసు కొంచెం జీవం వైపే వంగి ఉంది. కానీ గ్రేగైట్‌లోని గంధకం నిజంగా అక్కడి సల్ఫేటు నుంచే వచ్చిందా, వేరే దారిలో వచ్చిందా అన్నది రోవర్ పరికరాలతో తేల్చలేరు. 1976లో వైకింగ్ ల్యాండర్లు మట్టిలో పోషకం పోసినప్పుడు వాయువు వచ్చింది, కొందరు జీవమే అన్నారు, ఎక్కువమంది మట్టిలోని రసాయనం పని అని తేల్చారు. 1996లో అంటార్కిటికాలో దొరికిన అంగారక ఉల్కలో శిలాజాలున్నాయన్నప్పుడు అమెరికా అధ్యక్షుడే మైకు ముందుకొచ్చాడు, తర్వాత ఆ వాదన ఒక్కో ఆధారం చొప్పున వీగిపోయింది. ఈ రెండూ గుర్తున్నవాళ్లు ఇప్పుడు నోరు అదుపులో పెట్టుకోవడం మంచిదే.

తేల్చే పరీక్ష ఒకటుంది. గంధకంలో తేలిక, బరువు రకాలుంటాయి. సూక్ష్మజీవులు పని తక్కువని తేలిక రకాన్ని ఎక్కువగా వాడుకుంటాయి, కాబట్టి వాటి సల్ఫైడులో తేలిక గంధకం పాలు పెరుగుతుంది. ఇనుముకీ, కర్బనానికీ కూడా ఇలాంటి తేడాలున్నాయి. ఈ తేడాని మచ్చ అంచు నుంచి మధ్య దాకా రేణువు రేణువుగా కొలవాలంటే గది నిండే యంత్రాలు, వాటికి కరెంటు, ఒక ఫలితం అనుమానంగా ఉంటే ఇంకో ల్యాబులో మళ్లీ చూసే వీలు కావాలి. 110 వాట్ల బండి మీద అది కుదరదు. పర్సెవరెన్స్‌ని మొదటి నుంచీ ఆ ఆలోచనతోనే తయారుచేశారు, అది తీర్పు చెప్పడానికి వెళ్లలేదు, సరైన చోట సరైన ముక్కలు తీసి పెట్టడానికి వెళ్లింది. దాంతో 43 గొట్టాలు పంపారు. 13 మిల్లీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల పొడవుండే రాతి కడ్డీలు వాటిలో చేరుతున్నాయి. ఏదైనా అయితే ఉంటాయని పది గొట్టాల్ని 2022 డిసెంబరు, 2023 జనవరి నెలల్లో త్రీ ఫోర్క్స్ అనే చోట నేల మీద పెట్టి వచ్చింది. చెయావా ఫాల్స్ నుంచి తీసిన శాఫైర్ కాన్యన్ ముక్క మాత్రం రోవర్ లోపలే ఉంది.

వాటిని తెచ్చే పనే ఆగింది. తిరిగి తెచ్చే పథకానికి 1,100 కోట్ల డాలర్ల దాకా అవుతుందని, ముక్కలు 2040కి గానీ రావని 2024లో నాసాయే ఒప్పుకుని వేరే దారులు వెతకడం మొదలుపెట్టింది. 2025లో అమెరికా ప్రభుత్వం ఆ పథకాన్ని రద్దు చేయాలని బడ్జెట్‌లో ప్రతిపాదించింది. పర్సెవరెన్స్‌కి అయిన ఖర్చు సుమారు 270 కోట్ల డాలర్లు. అంత పెట్టి చోటు సరిగ్గా ఎంచుకుని, ఆ చోట ఉండాల్సినది సరిగ్గా దొరికాక, చివరి మెట్టు దగ్గర ఆగిపోవడం పిసినారితనం కింద లెక్కేయాలి, పొదుపు కింద కాదు. చవగ్గా చేయడం రాదా అంటే, 450 కోట్ల రూపాయలతో 2014లో మంగళయాన్‌ని కక్ష్యలో పెట్టిన ఇస్రోని చూపిస్తారు కొందరు. ఆ పోలిక ఇక్కడ అతకదు. కక్ష్యలో తిరగడం వేరు, దిగి, గొట్టాలు ఎక్కించుకుని, ఇంకో గ్రహం నేల మీద నుంచి రాకెట్టు లేపి, దాన్ని కక్ష్యలో పట్టుకుని ఇంటికి తేవడం వేరు. దిగడం తప్ప, ఆ తర్వాతి మెట్లలో ఒక్కటి కూడా అంగారకుడి దగ్గర ఇంతవరకూ ఎవరూ ఎక్కలేదు.

ఈలోగా చైనా తన తియాన్వెన్-3ని 2028 ప్రాంతంలో పంపి, 2031 నాటికి కనీసం అర కిలో నమూనా తేవాలని చూస్తోంది. అది ఒకేచోట దిగి రెండు మీటర్ల లోతుకి డ్రిల్లు దించుతుంది. లోతు నుంచి తీయడం మంచి ఆలోచనే, పైన రేడియేషన్ కర్బనాన్ని పాడుచేస్తుంది కాబట్టి. కానీ మూడేళ్లు వెతికి, లావా దాటి, డెల్టా గోడ ఎక్కి, నది లోయలో ఒక్క రాయి దగ్గర ఆగిన రోవర్ ఎంచుకున్నట్టు అది ఎంచుకోలేదు. ముందు వచ్చేవి చైనా ముక్కలే అయితే అంగారకుడి గురించి చాలా తెలుస్తుంది, చెయావా ఫాల్స్ మచ్చల గురించి మాత్రం ఏమీ తేలదు.

రోవర్ మాత్రం ఆగలేదు. 2024 ఆగస్టులో బిలం గట్టు ఎక్కడం మొదలుపెట్టి డిసెంబరుకి పైకి చేరింది, 2025 చివరికి దాదాపు 40 కిలోమీటర్లు తిరిగి, చెరువు కన్నా పాత రాళ్లున్న బయటి నేల వైపు వెళుతోంది. ఇంకో 60 కిలోమీటర్లకి దాని చక్రాల మోటార్లు పనికొస్తాయని పరీక్షల్లో తేలింది. ఎవరు ఎప్పుడు తీసుకెళ్లడానికి వచ్చినా శాఫైర్ కాన్యన్ గొట్టాన్ని వాళ్లకి అందించాల్సింది ఆ బండే, కాబట్టి వెళ్లిన ప్రతి కిలోమీటరుతో పాటు తిరిగి వచ్చే దారి లెక్క కూడా ఇంజనీర్లు వేసుకోక తప్పదు.